పై అర ఎలుకలు

ఎలుకకు బీపీ చూడాలంటే దాని తోకకు పట్టీ కట్టాలి. మనిషికి జబ్బకు కట్టినట్టే. కాకపోతే మనిషిని కాసేపు కదలకుండా కూర్చోమంటే కూర్చుంటాడు, ఎలుక కూర్చోదు. ముందు దాన్ని వెచ్చగా ఉంచాలి. గదిలో చప్పుడు ఉండకూడదు. అన్నిటికంటే ముఖ్యం, పట్టుకున్న చేయి వణకకూడదు. చేయి వణికితే ఎలుక గుండె అదురుతుంది, గుండె అదిరితే అంకె పెరుగుతుంది. నా ఉద్యోగంలో సగం, నా భయం ఎలుకకు తెలియకుండా దాచుకోవడమే.

ల్యాబుల్లో కొత్తగా చేరిన మీలాంటి పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేసి అనుభవాలు చెప్పమంటారు. నా దగ్గర గొప్పగా చెప్పుకునే విజయాలు లేవు. మాది లక్సెట్టిపేట. ఇంటర్ దగ్గరే చదువు ఆగిపోయింది. కరీంనగర్ శివార్లలో ఒక ప్రైవేటు ఫార్మసీ కాలేజీలో సామాన్లు మోసే పనికి చేరి, పాత పుస్తకాలు ముందేసుకుని సగటులూ తేడాలూ లెక్కగట్టడం సొంతంగా నేర్చుకుని, ఎలుకల గదికి టెక్నీషియన్‌నయ్యాను. మైక్రోస్కోపులో చూసీ చూసీ కళ్లు దెబ్బతినడంతో వయసు రాకముందే ఇంటికొచ్చేశాను. ఇన్నేళ్లలో నన్ను బాగా భయపెట్టిన సంగతి ఒకటుంది. అది చెబుతాను.

ఆదిలాబాద్ జిల్లా బోథ్ నుంచి వచ్చిన అమ్మాయి ఒకామె మా దగ్గర పీహెచ్‌డీ చేస్తుండేది. అదే కాలేజీలో తాత్కాలిక లెక్చరర్. డిగ్రీ చేతికొస్తే ఉద్యోగం పక్కా అవుతుంది, లేకపోతే వచ్చే ఏడాది ఆ కుర్చీలో ఇంకొకరుంటారు. గడువు ఒకసారి పెంచారు, ఇక పెంచేది లేదన్నారు. వాళ్ల బాపు పత్తి చేను దగ్గరినుంచి రోజూ ఫోన్ చేసేవాడు. "అయిపోవచ్చిందా బిడ్డా?" అని ఒకటే మాట. ఆమె "అయితున్నది బాపూ" అని పెట్టేసి, మళ్లీ లెక్కల కాగితాల మీదికి వంగేది.

ఆమె పని బీపీ ఎలుకల మీద. పుట్టుకతోనే బీపీ ఉండే జాతి ఒకటుంది, హైదరాబాద్ నుంచి తెప్పించాం. పక్కన పోల్చుకోవడానికి మామూలు ఎలుకలు. పిక్కలో లోపలివైపు ఒక చిన్న కండ ఉంటుంది. బీపీ వల్ల ఆ కండలోని పోగుల రకం మారుతుందా, పోగులు దాచుకునే కాల్షియంలో తేడా వస్తుందా అన్నది ఆమె ప్రశ్న. పోగులు లెక్కపెట్టడం నా వంతు. కాల్షియం చూసే యంత్రం మా దగ్గర లేదు, అందుకు కండ ముక్కలు హైదరాబాద్ పంపాలి.

బీపీ ఎలుకల బోన్లకు ఎర్ర పట్టీ, మామూలు వాటికి ఆకుపచ్చ పట్టీ. రెండు రకాలూ పై అరలోనూ ఉండేవి, కింది అరలోనూ ఉండేవి. వాటికి మేత వేసి, రంపపు పొట్టు మార్చి, నీళ్ల సీసాలు నింపేది ఒక అక్క. నాకంటే కొంచెం పెద్దదే. ధర్మపురి దగ్గర ఊరు. భర్త గల్ఫ్‌లో ఏళ్లకొద్దీ పనిచేసి, బీపీతో ఒక చేయి పడిపోయి తిరిగొచ్చాడు. ఇల్లు ఆమె జీతం మీదే నడుస్తుండేది. ఆమెకు మోకాళ్ల నొప్పులు, వంగలేదు. అందుకని కింది అర సీసాలు నేను నింపేవాణ్ని, పై అరవి ఆమె.

ఒకరోజు ఆ అక్క పొట్టు మారుస్తూ అడిగింది.

"ఏం మేడం, గీటికి బీపీ ఉన్నదంటరు. మా ఆయనకు ఇచ్చినట్టు గోలీ ఇయ్యరాదు?"

"గోలీ ఇస్తే బీపీ కాళ్లను ఏం చేస్తదో ఎట్ల తెలుస్తదక్కా?"

"బీపీతోని కాళ్లకేమైతది? చేయి పడిపోతదని తెలుసు గని."

బోథ్ అమ్మాయి పెన్ను పక్కనపెట్టింది. ఎవరైనా తన పని గురించి అడిగితే ఆమె ముఖం వెలిగిపోయేది.

"కండలల్ల సన్న పోగులుంటయక్కా, పత్తి దారం లెక్క. కొన్ని నిమ్మళంగ పనిచేస్తయి, అలసిపోవు, నిలవడేటందుకు. కొన్ని ఉరికేటందుకు, గవి జల్ది అలసిపోతయి. ప్రతి పోగుల చిన్న చిన్న సంచులుంటయి. అండ్ల కాల్షియం ఉంటది."

"అంటే?"

"సున్నం అనుకో. సంచిలకెల్లి బయటికొస్తే కండ బిగుస్తది. మళ్ల సంచిలకు పోతే వదులైతది. బీపీ ఎలుకలకు ఆ సంచులు సక్కగ నిండుతలేవేమోనని నా అనుమానం."

"అయ్యో!" అంది అక్క. చేతిలో ఉన్న ఎలుకను కొంచెంసేపు ఎక్కువగా పట్టుకుంది. "మా ఆయనకు గూడ పండుకుంటె పిక్కలు గుంజుతయి మేడం."

"గదే అక్కా, నేను చూసేది గూడ గసొంటిదే."

నేను పక్కనే ఉన్నాను. ఇంత కష్టమైన సంగతిని ఎంత తేటగా చెప్పింది అనుకున్నాను.

వానలు తగ్గుముఖం పట్టిన రోజుల్లో అంకెలు దిగడం మొదలైంది. మొదట ఒక బోను, తర్వాత దాని పక్కది. బీపీ ఎలుకకు వయసుతో బీపీ పెరగాలి, లేదా నిలవాలి. ఇవి వారం వారం దిగుతున్నాయి. మూడో వారం పట్టీ మార్చాను. పాదరసం యంత్రంతో పోల్చి చూశాను. నా చేయి బాగోలేదేమోనని బోథ్ అమ్మాయినే పట్టుకోమన్నాను. అవే అంకెలు.

అప్పుడు ఒకటి గమనించాను. దిగుతున్నవన్నీ పై అరవే. కింది అరలోని ఎర్ర పట్టీ ఎలుకలు ఎప్పటిలాగే ఉన్నాయి.

లెక్కల మనిషికి ఇంతకంటే ఏం కావాలి! మా గదికి రేకుల కప్పు. పై అర రేకుకు దగ్గర. రెండు అరల్లోనూ థర్మామీటర్లు వేలాడదీశాను. పైన వేడి కొంచెం ఎక్కువే. వేడికి రక్తనాళాలు వెడల్పవుతాయి, బీపీ తగ్గుతుంది. సిద్ధాంతం తయారైంది.

"మరి పై అరల ఆకుపచ్చయి ఎందుకు దిగుతలేవన్నా?" అని అమ్మాయి అడిగింది.

దానికీ నా దగ్గర జవాబుంది. బీపీ ఉన్నవాటికి వేడి ఎక్కువ తగులుతుందన్నాను. గీత గీసి చూపించాను. ఆ గీత చాలా నున్నగా వచ్చింది. ఆమె నమ్మింది. నమ్మకపోతే ఆ పూట ఆమెకు కాళ్లూ చేతులూ ఆడవు, అందుకని నమ్మింది. సొంత డబ్బుతో ఫ్యాను కొనుక్కొచ్చి పై అరకు ఎదురుగా పెట్టించింది. అక్క ఆ ఫ్యాను చూసి, "ఎలుకలకు ఏసీ గూడ పెట్టుండ్రి" అని నవ్వింది.

ఫ్యాను తిరుగుతూనే ఉంది. అంకెలు దిగుతూనే ఉన్నాయి.

పై అరలో కొన్ని సీసాల మూతి గొట్టాల చుట్టూ తెల్లటి పొర కట్టడం కూడా అప్పుడే. కరీంనగర్‌లో బోరు నీళ్లు ఎక్కడ నిలిచినా తెల్లగా పొర కడుతుంది. మేం ఎలుకలకు పోసేది ఫిల్టరు నీళ్లు. ఈ రెండు సంగతులూ మా ఇద్దరికీ తెలుసు. రెండింటినీ ఒకచోట పెట్టి చూసే తీరిక మాత్రం ఇద్దరికీ లేదు.

అమ్మాయి గైడ్ హైదరాబాద్ నుంచి నెలకోసారి వచ్చే పెద్ద ప్రొఫెసర్. ఆయన వచ్చి సరేనంటేనే కండలు తీసే పని మొదలుపెట్టాలి. ఆ రోజు పొద్దున్నే ఆమె నా దగ్గరికి వచ్చింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"అన్నా, సార్ అడిగితే ఏం చెప్పాలె?"

"వేడి అని చెప్దాం."

"నీకు నమ్మకం ఉన్నదా?"

నేను థర్మామీటర్ వైపు చూశాను. "బాప్ రే" అంది మెల్లగా. బోథ్ వాళ్లకు గాభరా పుడితే నోట్లో మరాఠీ వస్తుంది.

ప్రొఫెసర్ వచ్చాడు. చెడ్డవాడు కాదు, తొందర మనిషి. కాగితాలు రెండుసార్లు తిప్పాడు. నా వేడి సిద్ధాంతం సగం విని చేయి ఎత్తాడు.

"ఇవి బీపీ ఎలుకలు కావు. బోన్లు కడిగేటప్పుడు కలిపేసిన్రు. ఎర్రయి ఆకుపచ్చల్ల పోయినయి, ఆకుపచ్చయి ఎర్రల్ల వచ్చినయి. ఎవరు కడుగుతరు?"

గుమ్మం దగ్గర పొట్టు సంచి పట్టుకుని అక్క నిలబడి ఉంది.

"నేనే సారు."

"మార్చేసినవా?"

"మార్చుడేంది సారు?" సంచి కింద పడేసింది. "ఒక్కొక్కదాన్ని మొఖం చూసి గుర్తువడుత. చెవు చినిగింది గదేడుంటదో, మీసం పొట్టిది గదేడుంటదో అడుగుండ్రి. ఇన్నేండ్ల సంది చేస్తున్న, ఒక్కటన్న మారిందా?"

"మరి బీపీ ఎట్ల తగ్గింది?"

"తగ్గితె మంచిదే గదా సారు! తగ్గకుంట ఎట్లుంటది? నేను రోజు సున్నపుతేట పోస్తున్న."



సున్నపుతేట అంటే మీలో కొందరికి తెలియకపోవచ్చు. సున్నం నీళ్లలో కలిపి పెడితే సున్నం అడుగున పేరుకుంటుంది, పైన తేట నీళ్లు నిలుస్తాయి. ఎదిగే పిల్లలకు, బాలింతలకు బలమని మా వైపు పాతకాలం ఆడవాళ్లు పట్టిస్తారు. వాళ్లూళ్లో ఒక ముసలామె చెబితే ఈమె తన భర్తకు పట్టించింది. ఆయనకు పిక్కలు గుంజడం తగ్గిందట. దవాఖాన గోలీలు కూడా అప్పుడే మొదలుపెట్టాడన్న సంగతి ఆమె లెక్కలోకి తీసుకోలేదు.

ప్రొఫెసర్ కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. "ఎప్పటిసంది?"

"మేడం చెప్పినప్పటిసంది."

"నేనా?" అంది అమ్మాయి. "నేనెప్పుడు చెప్పిన అక్కా?"

"సంచులు నిండుతలేవంటిరి గద మేడం. సున్నమే అంటిరి గద. మీరు పొద్దుమాపు ఫికర్ చేయవడితిరి. గింత సున్నానికి ఏముంది, నేనే నింపుత అనుకున్న."



"ఆకుపచ్చవాటికి కూడా పోసినవా?" ప్రొఫెసర్ అడిగాడు.

"గవాటికెందుకు సారు? మంచిగనే ఉన్నయి గద."

"కింది అరవాటికి?"

"గవి అన్న పోస్తడు. నాకు వంగరాదు. అన్నకు చెప్పలే. చెప్తే ఎంత సున్నం, ఎన్ని నీళ్లు అని గింత దానికి గూడ లెక్క అడుగుతడు."

అంత కోపంలోనూ ప్రొఫెసర్ పెదవి నవ్వబోయినట్టు ఒక్కసారి కదిలింది. వెంటనే బిగిసిపోయింది. "ఈమెను రేపటిసంది రావద్దను," అన్నాడు నాతో.

అక్కకు అప్పుడు అర్థమైంది, తను చేసింది మంచి కాదని. ఎందుకు కాదో అర్థం కాలేదు. నా వైపు చూసింది. నేను నేల చూశాను.

"సార్," అంది అమ్మాయి. "ఆమె నేను చెప్పిందే చేసింది. సంచులు నిండుతలేవని చెప్పిన. నిండకుంటేనే నాకు పని అయితదని, వాటిని గట్లనే ఉంచాలెనని చెప్పలే. సగం చెప్పి ఊకున్న. ఆమెను తీసేస్తే మరి నన్నేం చేస్తరు?"

ప్రొఫెసర్ కాగితాలు మళ్లీ దగ్గరికి లాక్కున్నాడు. ఈసారి మెల్లగా చూశాడు. ఆయన ముఖం మారడం నాకు కనిపించింది.

"బీపీ అయితే బాగానే తగ్గింది," అన్నాడు. "పోనీ, దీన్నే ఒక గ్రూపు చేద్దాం. కాల్షియం ఇచ్చిన బీపీ ఎలుకలు. ముందే అనుకున్నట్టు రాసుకుందాం. కమిటీ పర్మిషన్ సంగతి నేను చూస్కుంట. డోసు ఎంతో తెలిస్తే చాలు." నా వైపు తిరిగాడు. "నువ్వు లెక్కల మనిషివి గదా. ఎంతో తేల్చు."

పిల్లలూ, ఆ నిమిషం నాకు పెద్ద ఊరట కలిగిన మాట నిజం. అందరం బయటపడే దారి దొరికింది. అమ్మాయికి డిగ్రీ, అక్కకు నౌకరి. దానికి కావలసింది ఒక అంకె, అంతే. అంకెలు పుట్టించడం నా పని.

సన్న తూకపు త్రాసు తెచ్చి బల్లమీద పెట్టాను. అక్కను రోజూ వేసినట్టే వేయమన్నాను. ఆమె నడుముకు దోపుకున్న సున్నం డబ్బీ తీసింది, తమలపాకులోకి వాడేది. గోటితో కొంచెం తీసి త్రాసు మీది కాగితానికి పూసింది. అంకె రాసుకున్నాను. మళ్లీ వేయమన్నాను. ఈసారి దాదాపు రెట్టింపు. మూడోసారి మొదటిదానికి సగం.

"రోజు గిట్లనేనా అక్కా?"

"గింతే. ఒక్కోపారి జర ఎక్కువ. మా ఆయనను దవాఖానకు తోల్కపోయిన దినాలు ఎయ్యలే. బక్కగున్నయి రెండింటికి మాత్రం దండిగ ఏసిన."

"ఏ రెండు?"

"ఎప్పుడు ఏవి బక్కగుంటె గవి."

"సగటు తీయి," అన్నాడు ప్రొఫెసర్.

సగటు తీయడానికి క్యాలిక్యులేటర్ అక్కర్లేదు. అంకె నా నాలుక చివర ఉంది. నేను నోరు తెరిచేలోపు అమ్మాయి త్రాసు మీది కాగితం తీసి మడిచింది.

"వద్దన్నా. అవి ఏం తాగినయో, ఎంత తాగినయో మనకు తెల్వదు. తెల్వనిదాన్ని గ్రూపు అని ఎట్ల రాస్త సార్?"

"మరి మిగిలేది కింది అర ఒక్కటే. మళ్లీ ఎలుకలు తెప్పిచ్చే టైం లేదు. గన్ని తక్కువతోని ఎగ్జామినర్ ఒప్పుకోకపోతే?"

ఆమె చేతిలో కాగితం వణుకుతోంది. ఎలుకను పట్టుకునేటప్పుడు ఎప్పుడూ వణకని చేయి.

"ఒప్పుకోకపోతే బోథ్‌ల పత్తి ఏరుత సార్."

ఆయన కాగితాలు ఆమె వైపు జరిపాడు. చివరికి, "నీ థీసిస్, నీ ఇష్టం" అన్నాడు. వెళ్లిపోతూ అక్క ముందు ఆగాడు. "సీసాల ఫిల్టర్ నీళ్లు తప్ప మంత్రించిన నీళ్లు గూడ పోయొద్దు." అంటే ఆమె రేపు కూడా రావచ్చన్నమాట. అక్కకు అది అర్థమవడానికి నేను ఇంకోసారి చెప్పాల్సి వచ్చింది.

పై అర ఎర్ర పట్టీ ఎలుకలను లెక్కలోంచి తీసేశాం. ఒక పనికి తెచ్చిన జంతువును బయట వదలకూడదు, ఇంకో పనికి వాడకూడదు. మందిచ్చి నొప్పి లేకుండా పంపించేయాలి. ఆ రోజు అక్క సెలవు పెట్టింది. కారణం నేను అడగలేదు. వాటి పిక్క కండ తీసి దాచమంటారా అని అమ్మాయిని అడిగాను.

"వద్దన్నా. చూస్తె వాడాలె అనిపిస్తది," అంది.

తర్వాతి నెలలు నేను మైక్రోస్కోపు ముందు కూర్చున్నాను. కండను గడ్డకట్టించి, పల్చగా కోసి, రంగు వేస్తే పోగులు కొన్ని నల్లగా, కొన్ని తెల్లగా తేలుతాయి. మినుములూ మినప్పప్పూ కలిపి చాటలో పరిచినట్టుంటుంది. ఏ ముక్క ఏ ఎలుకదో నాకు తెలియకుండా అమ్మాయి పేర్లు కప్పి ఇచ్చేది. పోగులు లెక్కపెడుతున్నంతసేపూ మనసులో ఇంకో లెక్క నడిచేది. ఇన్ని తక్కువ ఎలుకలతో ఈ తేడా నిలుస్తుందా? ఒక్క ఎలుక అడ్డం తిరిగినా అంతా పోతుంది. హైదరాబాద్ నుంచి కాల్షియం అంకెలు వచ్చిన రోజు ఆమె కవరు తెరవలేక నా చేతికిచ్చింది. నేను తెరిచి, ముందు ఆమె ముఖం చూసి, తర్వాత కాగితం చూశాను. తేడా ఉంది. గట్టిగా చెప్పగలిగినంత లేదు. లేదని కొట్టేయడానికీ వీల్లేదు.

వైవా రోజు ప్రొజెక్టర్ నడిపే పని అడిగి మరీ తీసుకున్నాను, లోపల కూర్చోవడానికి. బయటి రాష్ట్రం నుంచి వచ్చిన ఎగ్జామినర్ మూడో పటం దగ్గరే ఆపాడు. బీపీ ఎలుకల గుంపు ఇంత చిన్నదేమిటన్నాడు.

ఆమె దాచలేదు. ఎలుకలకు సున్నపుతేట పడిన సంగతి, తను సగమే చెప్పడం వల్ల అది జరిగిన సంగతి, వాటిని తీసేసిన సంగతి చెప్పింది. చివరి పేజీల్లో రాసింది కూడా. ఎగ్జామినర్ ఆ పేజీ తీసి చదివాడు. నా బొటనవేలు రిమోట్ మీద బిగుసుకుని, పటం దానంతటదే ముందుకు జరిగింది. గబగబా వెనక్కి తెచ్చాను.

ఆయన పుస్తకం మూశాడు. "శీర్షికలో మార్పు వస్తుందని రాశారు. రావచ్చని రాయండి," అన్నాడు.

అంతే. ఒక్క మాట మార్పించి డిగ్రీ ఇచ్చారు. ఆమె వరండాలోకి వచ్చి బోథ్‌కు ఫోన్ చేసి, "అయిపోయింది బాపూ" అంది. అవతల ఏమన్నారో కానీ, ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని గోడవైపు తిరిగి నిలబడింది.

ఆ మధ్యాహ్నం కాలేజీలో మిఠాయి పంచారు. నేను ఒక పొట్లం ఎలుకల గదికి తీసుకెళ్లాను. అక్క చేతులు కడుక్కుని తీసుకుంది. సగం తిని, సగం భర్తకని కొంగున కట్టుకుంది. బోన్ల వైపు చూస్తూ అడిగింది.

"అన్నా, ఒకటి అడుగుత, ఏమనుకోవు గద. నా పై అర ఎలుకలు... వాటి సంచులు నిండినయా?"

"తెల్వదక్కా."

"తెల్వదంటే? తీసి చూసిండ్రు గదా?"

"వాటియి చూడలే. అవి లెక్కల లేవు."

ఆమె నన్ను అలాగే చూసింది. కోపంగా కాదు. తెలిసినవాడు చేతకాని మాట అంటే చూసినట్టు.

"గన్ని దినాలు పానం పెట్టి తాపిన. ఊరికెనే సచ్చినయి పాపం. కాయిదంల రాయకుంటె రాయకుండ్రి. ఒక్కపారి చూడాల్సి ఉండె గదన్నా."

నేను కింది అర సీసాలు నింపడానికి వంగాను.